హెచ్610 చాలన్నాను, చాలలేదు: ఒక ఎడిటింగ్ పీసీ కేసు

కొత్త పీసీ బిగించమని ఒక కుర్రాడు నాకు వాట్సాప్‌లో పంపిన లిస్టు ఇది: ఐ7-12700 ప్రాసెసర్, హెచ్610 మదర్‌బోర్డు, డీడీఆర్4 3200 ర్యామ్ 16 జీబీవి రెండు, ఒక టీబీ జెన్ 4 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ కార్డు, ఒక టవర్ కూలర్. కింద ఇంకో లైను: "అన్నా, బోర్డు దగ్గర మిగిల్చి ఐ7కి పెట్టాను. కరెక్టేనా?"

అతను ఒక్కడే వీడియో ఎడిటింగ్ చేసుకుంటాడు. కెమెరా నుంచి వచ్చేది 4కే, 10 బిట్, 4:2:2 హెచ్.265 ఫుటేజీ, అంటే రంగుల వివరం ఎక్కువగా ఉండి, విప్పి చూపించడానికి మెషీన్‌కు బరువైన రకం. పాత ల్యాప్‌టాప్‌లో ప్లే నొక్కితే బొమ్మ కదిలేది కాదు. ఇంటెల్ ఎంచుకోవడంలో అతని లెక్క తప్పు కాదు. ఈ 4:2:2 హెచ్.265ను డీకోడ్ చేసే హార్డ్‌వేర్ ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ కార్డుల్లో లేదు. 12700 లోపల ఉండే యూహెచ్‌డీ 770 గ్రాఫిక్స్‌లో ఉంది. అందుకే, కాస్త తక్కువకు వస్తుంది కదా అని చివర 'ఎఫ్' ఉన్న 12700ఎఫ్ కొనొద్దని గట్టిగా చెప్పాను. దాంట్లో ఆ గ్రాఫిక్స్ పనిచేయదు.

బోర్డు గురించి మాత్రం ఆలోచించలేదు. అప్పటికే హెచ్610 బోర్డులు చాలా బిగించి ఉన్నాను. ఎక్కువగా ఐ3లూ ఐ5లూ వేసినవి, ఆఫీసు పనికీ పిల్లల చదువుకీ. ఒక్కటి కూడా కంప్లైంటుతో తిరిగి రాలేదు. ఆ ధైర్యంతో "చాలు, వేసేద్దాం" అన్నాను. ఈ కేసంతా ఆ ఒక్క మాట ఖరీదు.

బిగించిన రోజు

బిగించడంలో ఇబ్బందేమీ రాలేదు. ప్రాసెసర్‌ను నిండు లోడుతో పరీక్షించే సినీబెంచ్ ఆర్23 ఒకసారి తిప్పాను, స్కోరు 12700కి రావలసినంత వచ్చింది. ప్రాసెసర్ టెంపరేచర్ 70 డిగ్రీలు దాటలేదు. ఎస్‌ఎస్‌డీ చదివే వేగం మాత్రం సెకనుకు 3,500 ఎంబీ దగ్గర ఆగింది, డబ్బా మీద 7,000 అని ఉంది. కారణం నాకు తెలుసు. హెచ్610లో ఎస్‌ఎస్‌డీ గుచ్చే ఎం.2 స్లాటు పీసీఐఈ 3.0 వేగంతోనే, అంటే జెన్ 4లో సగం వేగంతోనే నడుస్తుంది. అతనికి చెప్పాను. "పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్‌డిస్క్ అన్నా, నాకు ఇదే విమానం" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

రెండు వారాలకు ఫోన్ వచ్చింది. "అన్నా, ఎక్స్‌పోర్ట్ కొట్టగానే జోరుగా మొదలవుతుంది. అర నిమిషం గడిచాక ఎవరో బ్రేకు తొక్కినట్టు అయిపోతుంది."

అర నిమిషం అనగానే నాకు సగం అర్థమైంది. ఐ7-12700కి ఇంటెల్ చెప్పే వాట్లు రెండు. బేస్ పవర్ 65 వాట్లు, టర్బోలో, అంటే కాసేపు పూర్తి జోరుతో నడిచేటప్పుడు, గరిష్ఠంగా 180 వాట్లు. బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో వీటినే పీఎల్1, పీఎల్2 అంటారు. టర్బో ఎంతసేపు కొనసాగాలో చెప్పే అంకె వేరే ఉంటుంది, ఈ తరగతి ప్రాసెసర్లకు మామూలుగా 28 సెకన్లు. ఆ తర్వాత ఎంతవరకు వదలాలన్నది బోర్డు తయారీదారు ఇష్టం. కాస్త మంచి బోర్డుల్లో పీఎల్1ను కూడా పెంచేసి వదిలేస్తారు, ప్రాసెసర్ దాదాపు టర్బోలోనే ఉండిపోతుంది. అడుగు రకం బోర్డులు 65కి తెచ్చి కూర్చోబెడతాయి. అలా చేయడం తప్పేమీ కాదు, ఇంటెల్ లెక్క ప్రకారమే నడుస్తున్నట్టు. కానీ ఐ7 కొన్నవాడికి దక్కేది ఐ7 కాదు.

నా తప్పు ఎక్కడుందో కూడా అప్పుడే తెలిసింది. సినీబెంచ్ ఒక్కసారి తిప్పి ఆపేశాను. ఆ ప్రాసెసర్ మీద ఒక రౌండు అర నిమిషం కూడా పట్టలేదు, అంటే టెస్టంతా టర్బోలోనే ముగిసింది. అందులోనే ఉన్న పది నిమిషాల ఆప్షన్ పెట్టి ఉంటే ఆ రోజే బయటపడేది. చల్లగా ఉన్న ప్రాసెసర్‌ను చూసి మురిసిపోయాను. అది చల్లగా ఉన్నది టెస్టు అంత త్వరగా ముగిసిపోయినందుకే.

తీగ లాగితే

మెషీన్ నా బెంచి మీదికి వచ్చింది. పక్కన వాట్లు, క్లాకు, వేడి చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో ప్రోగ్రామ్ తెరిచి అతని ప్రాజెక్టునే ఎక్స్‌పోర్ట్‌కి పెట్టాను. ఫైలు సైజు తక్కువ రావాలని అతను గ్రాఫిక్స్ కార్డుతో కాకుండా ఎక్స్265తో, అంటే ప్రాసెసర్ మీదే ఎన్‌కోడ్ చేస్తాడు. మొదట ప్యాకేజ్ పవర్, అంటే ప్రాసెసర్ మొత్తం లాగే వాట్లు, 170ల్లో ఉంది. అర నిమిషం కాగానే 65కి పడి గీత గీసినట్టు అక్కడే నిలబడింది. పెద్ద కోర్ల క్లాకు నాలుగున్నర గిగాహెర్ట్జ్ నుంచి మూడు దగ్గరికి జారింది.

బయోస్‌లోకి వెళ్లి చూస్తే పీఎల్1 మార్చుకునే వీలుంది. హెచ్610 బోర్డులన్నిటిలో ఇదీ ఉండదు, మాకు అదృష్టం కలిసొచ్చిందనుకున్నాను. 125 పెట్టి మళ్లీ ఎక్స్‌పోర్ట్ వేశాను. ఆరు నిమిషాలు బ్రహ్మాండంగా నడిచింది. ఏడో నిమిషంలో క్లాకు ఒక్కసారిగా 800 మెగాహెర్ట్జ్‌కి పడింది, లేచింది, మళ్లీ పడింది. ప్రాసెసర్ అప్పటికీ 75 డిగ్రీల్లోనే ఉంది. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో 'వీఆర్ థర్మల్ అలర్ట్' పక్కన 'యెస్' అని వెలిగింది.

వీఆర్‌ఎం అంటే పవర్ సప్లై ఇచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒకటింబావు వోల్టు దగ్గరికి దించే భాగం. సాకెట్ పక్కన వరుసగా కనిపించే నల్లటి చిన్న చిప్పులు, వాటి ఎదురుగా బూడిదరంగు ఘనాలు. 125 వాట్లను ఒకటింబావు వోల్టు దగ్గర ఇవ్వాలంటే వంద ఆంపియర్లు పారాలి. ఆ ప్రవాహంలో కొంత వేడిగా పోతుంది. ఆ వేడిని ఎక్కువ చిప్పులు పంచుకుంటే, పైన అల్యూమినియం దిమ్మ కూడా ఉంటే బాధ లేదు. ఈ బోర్డులో చిప్పులు తక్కువ, దిమ్మ లేదు. ఐఆర్ థర్మామీటర్ పెడితే వంద డిగ్రీలు దాటి చూపించింది. పైగా టవర్ కూలర్ గాలి అడ్డంగా వెనక్కి వెళ్లిపోతుంది, బోర్డు మీదికి రాదు. ఇంటెల్ డబ్బాలో ఇచ్చే చిన్న కూలరైతే గాలిని కిందికి ఊదుతుంది కాబట్టి వీఆర్‌ఎంకు కాస్త తగిలేది. మేం మంచి కూలర్ వేసి దానికి ఆ గాలి కూడా లేకుండా చేశామన్నమాట!

ఇక్కడ ఒకటి గమనించాలి. ఈ సమస్య హెచ్610 చిప్‌సెట్‌ది, అంటే బోర్డు మీద స్లాట్లనూ పోర్టులనూ ప్రాసెసర్‌తో కలిపే చిప్పుది, కాదు. చిప్‌సెట్‌కూ వీఆర్‌ఎంకూ సాంకేతికంగా సంబంధమే లేదు. కాకపోతే చవక చిప్‌సెట్ వేసే బోర్డుకు తయారీదారు ఖరీదైన వీఆర్‌ఎం పెట్టడు. చిప్‌సెట్ పేరు చూసి బోర్డు మొత్తం ఏ తరగతిదో ఊహించవచ్చు, అంతే. ఆ ఊహ తప్పయ్యే బోర్డులు రెండు వైపులా ఉన్నాయి.

అతుకులు

బోర్డు మార్చకుండా గట్టెక్కించాలని చూశాను. వీఆర్‌ఎం మీదికి ఊదేలా ఒక చిన్న ఫ్యాన్ పెడదామంటే, బోర్డులో కేసు ఫ్యాన్లకు ఉన్న పిన్నుల జాగా ఒక్కటే. అది అప్పటికే వాడేశాం. స్ప్లిటర్ కేబుల్ వేసి కట్టాను. ఎన్నో పరీక్షల తర్వాత పీఎల్1 95 వాట్ల దగ్గర కుదిరింది. అక్కడ పడిపోకుండా గంటసేపు నడిచింది. తీసుకెళ్లాడు, సంతోషించాడు.

నెల తిరక్కుండా రెండో అవసరం వచ్చింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రాసుకునే క్యాష్ ఫైళ్లు, సోర్సు ఫుటేజీ, విండోస్ అన్నీ ఒకే ఎస్‌ఎస్‌డీ మీద కొట్టుకుంటున్నాయి. ఇంకో ఎన్‌వీఎంఈ పెట్టాలి. ఈ బోర్డులో ఎం.2 స్లాటు ఒక్కటే.

చిప్‌సెట్ అసలు పని కనిపించేది ఇక్కడే. 12వ తరం ఇంటెల్ ప్రాసెసర్‌లోనే ఎస్‌ఎస్‌డీ కోసం ప్రత్యేకంగా పీసీఐఈ 4.0 లేన్లు, అంటే డేటా దారులు, నాలుగు ఉన్నాయి. హెచ్610 కంటే ఒక మెట్టు పైదైన బీ660 చిప్‌సెట్ బోర్డులో అవి ఒక ఎం.2 స్లాటుకు నేరుగా వెళ్తాయి. హెచ్610తో ఇంటెల్ వాటిని వాడనివ్వదు. ప్రాసెసర్‌తో పాటు మనం కొన్న లేన్లే, తలుపు మూసేసి ఉంటుంది. మిగిలింది చిప్‌సెట్ ఇచ్చే ఎనిమిది పీసీఐఈ 3.0 లేన్లు. నెట్‌వర్కు, చిన్న స్లాట్లు, ఆ ఒక్క ఎం.2, అన్నీ వాటిలోంచే సర్దుకోవాలి. బీ660 చిప్‌సెట్‌లో పీసీఐఈ 4.0 లేన్లు ఆరు, 3.0 లేన్లు ఎనిమిది. ఆ తర్వాత వచ్చిన బీ760లో 4.0 లేన్లు పది, 3.0 లేన్లు నాలుగు. మొత్తం పద్నాలుగే, వేగమైనవి ఎక్కువ. గ్రాఫిక్స్ కార్డు పదహారు లేన్లు మాత్రం ప్రాసెసర్ నుంచే నేరుగా వస్తాయి కాబట్టి కార్డు విషయంలో హెచ్610 అన్యాయం చేయదు.

సరే, చిన్న పీసీఐఈ స్లాటులో అడాప్టర్ కార్డు పెట్టి రెండో ఎస్‌ఎస్‌డీ తగిలించాను. ఒకే లేను, 3.0 వేగం. సెకనుకు 900 ఎంబీ కూడా నిలకడగా రాలేదు. సాటా కంటే నయం, కానీ డబ్బు పెట్టి కొన్న డ్రైవు సామర్థ్యంలో ఇది ఏ మూలకు?

మూడోది ర్యామ్. పెద్ద టైమ్‌లైన్లలో 32 జీబీ నిండిపోతోంది. హెచ్610లో ఒక్కో చానల్‌కు ఒకే స్లాటు, మొత్తం రెండు. రెండింట్లోనూ 16వి ఉన్నాయి. 64 చేయాలంటే ఉన్నవి తీసి పక్కన పెట్టి 32వి రెండు కొనాలి. నాలుగు స్లాట్ల బోర్డైతే ఇంకో రెండు 16లు చేర్చితే పని అయిపోయేది.

అతను అప్పటికి ఓపిగ్గానే ఉన్నాడు. "అన్నా, బోర్డు మీద ఎంత మిగిల్చానో, అడాప్టరుకీ ఫ్యాన్‌కీ మీ దగ్గరికి తిరగడానికీ అంతకంటే ఎక్కువ పోయినట్టుంది" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. మెల్లగా అనేసరికి నాకు ఇంకా గట్టిగా తగిలింది.

మార్పు

బోర్డు మారుద్దామని నేనే చెప్పాను, నా మజూరీ వదులుకున్నాను. హెచ్610 బోర్డును నేనే తీసుకుంటానన్నాను, దాని కథ తర్వాత.

బీ660 అంటే ఏదైనా బీ660 కాదు. షెల్ఫులో అడుగున ఉండే బీ660 బోర్డులు కొన్ని చూస్తే, వీఆర్‌ఎం అచ్చం పక్కనున్న హెచ్610 లాంటిదే. పేరు మారింది, లేన్లు పెరిగాయి, కరెంటు ఇచ్చే భాగం మాత్రం అదే. అలాంటిది కొంటే ఎస్‌ఎస్‌డీ బాధ తీరేది, 800 మెగాహెర్ట్జ్ బాధ తీరేది కాదు. నేను చూసుకున్నవి: వీఆర్‌ఎం రెండు వైపులా స్క్రూలతో బిగించిన హీట్‌సింకు, ర్యామ్ స్లాట్లు నాలుగు, ఎం.2 కనీసం రెండు, వాటిలో ఒకటి ప్రాసెసర్ నుంచి నేరుగా, ఫ్యాన్ పిన్నులు నాలుగైదు. హీట్‌సింకు స్క్రూల సంగతి వింతగా అనిపించవచ్చు. ప్లాస్టిక్ పుల్లలతో గుచ్చిన దిమ్మలు కొన్నిటికి చిప్పును సరిగా తాకే ఒత్తిడే ఉండదు, అలంకారానికి పెట్టినట్టు ఉంటాయి.

డీడీఆర్5 బోర్డు తీసుకుందామా అని అడిగాడు. వద్దన్నాను, ఉన్న ర్యామ్ డీడీఆర్4. ఈ సాకెట్‌లో రెండు రకాల బోర్డులూ దొరుకుతాయి కానీ ఒకే బోర్డు రెండింటినీ తీసుకోదు. బీ660లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపించే బయోస్ సెట్టింగు) పెట్టి 3200 దాటించవచ్చు, హెచ్610లో ఆ వీలు లేదు. దానికోసం మాత్రం ఎక్కువ ఖర్చు పెట్టొద్దని చెబుతాను. పేరు చివర 'కే' లేని 12వ తరం ప్రాసెసర్లలో మెమరీ కంట్రోలర్‌కు వెళ్లే వోల్టేజీ లాక్ అయి ఉంటుంది. అందువల్ల 3600 దగ్గరే చాలా మెషీన్లు మొరాయిస్తాయి.

ఇద్దరం కలిసే మార్చాం. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ముందు పాతవే ఉంచి కొలిచాను, లేకపోతే దేనివల్ల ఎంత బాగుపడిందో తెలియదు. అతని ప్రాజెక్టు ఒకటి హెచ్610 మీద 65 వాట్లలో 48 నిమిషాలు, ఫ్యాన్ కట్టిన 95 వాట్లలో 41 నిమిషాలు తీసుకుంది. కొత్త బోర్డు మీద పీఎల్1 140 పెడితే 36 నిమిషాలు. బోర్డు తనంతట తాను 180 వదిలేస్తుంది. నేనే 140కి తగ్గించాను. ఆ పై నలభై వాట్లకు వచ్చే లాభం ఒకటి రెండు నిమిషాలే, కూలర్ మోత మాత్రం భరించలేం. వీఆర్‌ఎం గంట తర్వాత కూడా డెబ్బైల్లోనే ఉంది.

ఎస్‌ఎస్‌డీ రెండూ పూర్తి వేగంతో నడిచాయి. తర్వాత అవే కంపెనీ, అవే టైమింగులు ఉన్న 16 జీబీ ర్యామ్‌లు ఇంకో రెండు వేశాడు. నాలుగు స్లాట్లూ నిండినా 3200 దగ్గర ఏ గొడవా రాలేదు. డీడీఆర్5లో ఇది ఇంత తేలిక కాదు, నాలుగు నింపితే వేగం బాగా తగ్గించుకోవాల్సి వస్తుంది. అక్కడ మొదటే రెండు పెద్దవి కొనడం మేలు.

వెనక్కి వచ్చిన బోర్డు

ఆ హెచ్610 బోర్డులో ఐ5-12400 వేసి లెక్కలు రాసుకునే ఒకాయనకు ఇచ్చాను. 12400 టర్బోలో కూడా 117 వాట్లు దాటదు, ఆయన పనికి అది అరవై చేరడమే అరుదు. ఒక ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్, ఒక ప్రింటర్. ఆయన అడిగింది నెట్టు, ట్యాలీ, ఎక్సెల్. ఆయనకు నేను బీ660 అంటగట్టి ఉంటే అది మోసమే అయ్యేది. గేమింగ్ కోసం 12400, ఒక మధ్యరకం కార్డు పెట్టుకునే కుర్రాళ్లకు కూడా ఇదే రకం బోర్డు వేశాను. ఆటల్లో ప్రాసెసర్ అన్ని కోర్ల మీదా గంటలకొద్దీ నిండుగా నడవదు కాబట్టి ఫ్రేముల్లో తేడా పట్టుకోలేం. వాళ్లు ఇబ్బంది పడేది ముందువైపు యూఎస్‌బీ టైప్-సీ పనిచేయనప్పుడు. కేసులో పోర్టు ఉంటుంది, బోర్డు మీద దానికి కనెక్టర్ ఉండదు.

ఏఎండీ వైపు అడిగేవాళ్లకు

ఇదే లెక్కను ఏఎండీ చిప్‌సెట్లయిన ఏ620, బీ650లకు యథాతథంగా అతికించకండి. ఏ620 అంత బిగించిన చిప్‌సెట్ కాదు. ప్రాసెసర్ నుంచి వచ్చే ఎం.2కు పీసీఐఈ 4.0 అందుతుంది, ర్యామ్‌కు ఎక్స్‌పో (ఏఎండీ వైపు ఎక్స్‌ఎంపీ లాంటిది) పెట్టుకోవచ్చు. లేనిది ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్, పీసీఐఈ 5.0. చిప్‌సెట్ ఇచ్చే లేన్లు కూడా 3.0 మాత్రమే. వాట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. 65 వాట్ల ప్రాసెసర్లను నడిపితే చాలని ఆ బోర్డులను తయారు చేస్తారు. రైజెన్ 5 7600 లాంటిది హాయిగా నడుస్తుంది. పన్నెండు కోర్ల రైజెన్ 9 7900 కూడా 65 వాట్ల తరగతిదే, సాకెట్ దగ్గర 88 వాట్లకు మించి లాగదు. అదే 170 వాట్ల 7950ఎక్స్‌ను తెచ్చి ఏ620లో పెట్టమంటే నేను పెట్టను.

ఈ ఏఎండీ బోర్డుల సాకెట్ పేరు ఏఎం5, దాంట్లో బోర్డు మీద ఖర్చు పెట్టడానికి ఇంకో కారణం ఉంది. 2022లో వచ్చిన సాకెట్‌లోనే 2024 నాటి 9000 సిరీస్ కూడా కూర్చుంటుంది, బయోస్ అప్‌డేట్ చేస్తే చాలు. బోర్డు ప్రాసెసర్ కంటే ఎక్కువ కాలం ఉంటుందనుకున్నప్పుడు దాని మీద కాస్త ఎక్కువ పెట్టడం న్యాయం. ప్రాసెసర్ లేకుండానే బయోస్ అప్‌డేట్ చేసుకునే బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే, కొత్త ప్రాసెసర్ పనిచేయాలంటే ముందు పాతది ఒకటి అరువు తెచ్చుకోవాల్సి రావచ్చు.

పాత ఏఎం4లో ఇంకా కొంటున్నవాళ్లకు ఒక్క మాట. ఏ520 చిప్‌సెట్ బోర్డులో గ్రాఫిక్స్ స్లాటు కూడా 3.0 వేగమే. పదహారు లేన్ల కార్డుకు పెద్ద నష్టం లేదు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ లాంటి నాలుగు లేన్ల కార్డు పెడితే మాత్రం చాలా ఆటల్లో స్పష్టంగా నెమ్మదిస్తుంది. చవక బోర్డులో చవక కార్డు అని జత కలిపేవాళ్లకే ఈ దెబ్బ తగులుతుంది.

ఇప్పుడు

ఇప్పుడు నా బెంచి మీద ఏ మెషీనైనా అర గంట నిండు లోడుతో నడవకుండా బయటికి వెళ్లదు. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో లాగ్ ఫైలు కొన్నవాళ్లకే ఇచ్చేస్తాను. లిస్టు తెచ్చినవాళ్లను చిప్‌సెట్ గురించి అడగడం మానేశాను. ఎన్ని డ్రైవులు పెడతారు, ర్యామ్ ఎంతవరకు పోవచ్చు, ప్రాసెసర్ నిండుగా ఎంతసేపు నడుస్తుంది అని అడుగుతాను. మూడో ప్రశ్నకు "పది నిమిషాలకు మించదు" అని జవాబొస్తే సగం మందికి చవక చిప్‌సెట్టే చాలు.

ఆ కుర్రాడు ఈ మధ్య మళ్లీ అడిగాడు: "అన్నా, ఇదే బోర్డులో 14700 వేసుకోవచ్చా?" సాకెట్ అదే, కూర్చుంటుంది. కానీ 13, 14 తరాల్లో వోల్టేజీ సమస్య వల్ల ప్రాసెసర్లు చెడిపోయినందుకు ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ మార్పులు ఇచ్చింది. అవి ఉన్న బయోస్ వేయకుండా పెట్టకూడదు. పైగా 14700 టర్బో 219 వాట్లు. బోర్డు తయారీదారు సైటులో బయోస్ వెర్షన్ చూసి స్క్రీన్‌షాట్ పంపమన్నాను. పంపలేదు. ప్రాజెక్టులు ఎక్కువగా ఉన్నాయట, మెషీన్ ఆపడానికి తీరిక లేదన్నాడు.